ఆత్మకథలు జంటగా చదువుదాం

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 14 దగ్గరపడితే చాలు, గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా అంటూ మీ పత్రికలోనూ మిగతా పత్రికల్లోనూ తప్పక చదవాల్సిన పుస్తకాల జాబితాలు వస్తుంటాయి. వాటిలో ఆత్మకథల దగ్గరికి వచ్చేసరికి గాంధీ గారి సత్యశోధన, కలాం గారి ఒక విజేత ఆత్మకథ, ఆ తర్వాత ఒకరిద్దరు ఆటగాళ్లు, ఒకరిద్దరు కంపెనీలు పెట్టి పైకొచ్చినవాళ్లు, అంతటితో సరి. ఆ పుస్తకాల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. సత్యశోధన కాలేజీ రోజుల్లో ఒకసారి, పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఒకసారి చదివాను, రెండుసార్లూ వేరేగా అర్థమైంది. కానీ గోదావరి డెల్టాలో ఒక శాఖా గ్రంథాలయానికి వెళ్లి, అక్కడి బీరువాలో ఉన్నవాటిలోంచి ఒక ఆత్మకథ తీసుకోవాల్సి వస్తే ఏది తీసుకోవాలి, ఏం చూసి తీసుకోవాలి అన్నది ఎవరూ రాయడం లేదు. మాకు ఈ ఏడాది ఆ అవసరం పడింది, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే, వీలైతే కత్తిరించకుండా వేయండి.

మాది కోనసీమ. మా శాఖా గ్రంథాలయానికి వచ్చేవాళ్లం కొందరం కలిసి ఒక రీడింగ్ ఛాలెంజ్ పెట్టుకున్నాం. పొద్దున్నే పేపర్ల కోసం వచ్చే పెద్దవాళ్లు, డీఎస్సీకీ గ్రూప్స్‌కీ చదువుకునే పిల్లలు, సాయంత్రం స్కూలు వదిలాక వెళ్లే మాలాంటి టీచర్లు, ఇంటి పనులు ముగించుకుని వచ్చే ఆడవాళ్లు, అందరూ ఉన్నారు. నెలకో రకం పుస్తకం చదవాలి, ఒక నెల నవల, ఒక నెల కథలు, ఒక నెల యాత్రలు, అలాగ. గట్టి షరతు ఒక్కటే, పుస్తకం కొనకూడదు, ఫోన్లో చదవకూడదు, లైబ్రరీలో మన పేరు మీద ఇష్యూ చేయించుకునే చదవాలి. డబ్బు ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ ఒకే బీరువా ఉంటుందని ఒక కారణం, రిజిస్టర్లో పేర్లు పడుతుంటే ఈ పుస్తకాలు అడిగేవాళ్లు ఉన్నారని పైవాళ్లకి తెలుస్తుందని ఇంకో కారణం.

నవలల నెల ఏ గొడవా లేకుండా గడిచిపోయింది. ఆత్మకథల నెల వచ్చేసరికి అందరూ ఆగిపోయారు. నవలైతే కథ నచ్చితే చాలు, ఆత్మకథ అనేసరికి పుస్తకాన్ని చూడటం మానేసి అట్ట మీద మనిషిని చూస్తున్నాం. ఆ మనిషి పెద్దవాడైతే పుస్తకమూ పెద్దదే అనుకుంటున్నాం. పరీక్షకి చదువుకునే కుర్రాడు ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి పనికొస్తుందని ఒకటి తీసుకున్నాడు, ఇంకొకాయన తమ పార్టీ నాయకుడిది ఉందా అని అడిగారు, సినిమావాళ్లవి ఉంటే బాగుండునని కొందరు అన్నారు. ఎవరి ఇష్టం వాళ్లది, నేను కాదనను. ఆ నెలలోనే మా లైబ్రరీ బీరువాలో జీవిత చరిత్రలు ఉన్న అరలన్నీ దించి, తుడిచి, మళ్లీ పెట్టాం. అవి చూస్తుంటే నాకు తోచిన మాట ఇది. ఆత్మకథ ఒక్కటి తీసుకోవద్దు, రెండు తీసుకోండి. ఒకే కాలంలోనో, ఒకే ఊళ్లోనో, ఒకే సంగతిలోనో ఉన్న ఇద్దరివి తీసుకోండి, ఆ ఇద్దరూ వేర్వేరు ఇళ్లవాళ్లై ఉండాలి.

ఎందుకంటే ఆత్మకథ రాసేవాళ్లు ఎంత నిజాయితీగా రాసినా తాము నిలబడ్డ చోటు నుంచి కనబడిందే రాస్తారు. ఇంట్లో అన్నం ఎవరు వండారు, నీళ్లు ఎవరు మోశారు, పొలంలో ఎవరు ఉన్నారు అన్నది చాలామందికి రాయాల్సిన సంగతిగానే అనిపించదు. ఆ పక్కింటివాళ్లు రాసుకున్నది కూడా చదివితేనే మొదటి పుస్తకంలో ఏం మిగిలిపోయిందో తెలుస్తుంది. ఈ పని లైబ్రరీలోనే సులువు, రెండు పుస్తకాలూ కొనాలంటే మధ్యతరగతి ఇంట్లో ఆలోచించాలి.

మన దగ్గరి పుస్తకాలతోనే చెబుతాను. కందుకూరి వీరేశలింగం గారి స్వీయ చరిత్రము తెలుగులో వచన ఆత్మకథలకి మొదటిదని చెబుతారు. 1848లో రాజమండ్రిలో పుట్టి, అదే ఊళ్లో 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించిన మనిషి. ఆ పెళ్లికి ముందూ తర్వాతా ఊరు ఊరంతా ఎలా ఎదురు తిరిగింది, ఎవరు మాట ఇచ్చి తప్పుకున్నారు, కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సాయం ఎలా చేశారు, ఇదంతా ఆ పుస్తకంలో ఉంటుంది. భాష గ్రాంథికం, మొదటి పేజీల్లోనే చాలామంది వదిలేస్తారు. వదిలేయకుండా ఆ పెళ్లి దగ్గరికి వెళ్లి చదవండి, అక్కడి నుంచి పుస్తకం తనే లాక్కెళుతుంది. ఇంటికి వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు రావడం మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి, వచ్చినవాళ్లందరికీ వండి పెట్టారు. అంత పనీ చేసినావిడ మాటల్లో ఆ రోజుల కథ మనకి లేదు, ఆయన చెబితే విన్నదే.

ఇప్పుడు దాని పక్కన కొండపల్లి కోటేశ్వరమ్మ గారి నిర్జన వారధి పెట్టండి. ఆవిడ 1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టారు, ఊహ తెలియని వయసులో పెళ్లి, ఆ వెంటనే వైధవ్యం, పెద్దయ్యాక కొండపల్లి సీతారామయ్య గారితో రెండో పెళ్లి, తర్వాత కమ్యూనిస్టు పార్టీ, అజ్ఞాతవాసం, ఆ భర్త వదిలేసి వెళ్లడం, పిల్లలిద్దరినీ పోగొట్టుకోవడం. ఇంత జరిగాక మన కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేస్తూ తన బతుకు తను బతికారు. పుస్తకం 2012లో వచ్చింది, అప్పటికి ఆవిడ తొంభై దాటారు. వితంతు వివాహం జరిపించినాయన ఒకరు, బాల్యంలోనే వితంతువై మళ్లీ పెళ్లి చేసుకున్నావిడ ఇంకొకరు, ఇద్దరి మధ్యా డెబ్భై ఏళ్ల తేడా. ఈ రెండూ వరసగా చదివిన మా వీధి మామ్మగారు ఒకావిడ లైబ్రరీలోనే నాతో అన్నారు, "పెళ్లి చేసినాయన చెప్పింది విన్నాం సరే, ఆ పిల్ల తర్వాత ఎలా ఉందో ఎవరూ అడగలేదేంటమ్మా ఇన్నాళ్లూ" అని. ఆవిడ పెద్దగా చదువుకోలేదు, నాలుగు పేజీలు చదివి కళ్లద్దాలు తీసి పెట్టుకుని మళ్లీ చదువుతారు. మా ఛాలెంజ్‌లో అందరికంటే బాగా చదివింది ఆవిడే అని నా అభిప్రాయం.

ఒకే ఊరు, ఒకే కాలం కావాలంటే చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి స్వీయ చరిత్రనీ టంగుటూరి ప్రకాశం గారి నా జీవిత యాత్రనీ కలిపి తీసుకోండి. చిలకమర్తి గారు 1867లో ఇప్పటి తూర్పు గోదావరి జిల్లా ఖండవల్లిలో పుట్టారు, వీరవాసరం, నరసాపురం, రాజమండ్రి ఇవన్నీ ఆయన కథలో మనకి తెలిసిన వీధులతో సహా వస్తాయి. చూపు పోయాక చెప్పి రాయించిన పుస్తకం, అయినా అంత తేటగా, నవ్విస్తూ ఉంటుంది. ఆయన రాసిన నాటకాల్లో వేషాలు వేసిన కుర్రాళ్లలో ప్రకాశం గారు ఒకరు. ఒంగోలు వైపు నుంచి గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారి వెంట రాజమండ్రి వచ్చిన పేద పిల్లాడు, తర్వాత అదే ఊరికి మునిసిపల్ చైర్మన్ అయ్యారు. నాటకం రాసినాయన ఒకవైపు నుంచి, వేషం కట్టిన పిల్లాడు ఇంకోవైపు నుంచి, అప్పటి రాజమండ్రి మనకి రెండు వైపుల నుంచీ కనబడుతుంది. ప్రకాశం గారి పుస్తకం నాలుగు భాగాలు, నాలుగోది తెన్నేటి విశ్వనాథం గారు రాశారు, కాబట్టి ఛాలెంజ్ కోసమైతే మొదటి భాగం చాలు.

చిలకమర్తి గారి గురించి లైబ్రరీలకి వచ్చేవాళ్లకి ఇంకో సంగతి తెలియాలి. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల మహాసభ మొదటిసారి జరిగినప్పుడు అధ్యక్షత వహించింది ఆయనే. ఆ ఉద్యమానికి జీవితమంతా పెట్టిన అయ్యంకి వెంకట రమణయ్య గారు పుట్టింది మన తూర్పు గోదావరి కొంకుదురులో. ఇలాంటి చోట ఉండి, చిలకమర్తి గారి ఆత్మకథ మన శాఖా గ్రంథాలయాల్లో దొరకకపోతే ఎలా?

నాకు అన్నిటికంటే ఇష్టమైన జంట శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి అనుభవాలూ జ్ఞాపకాలూనూ, బోయి భీమన్న గారి పాలేరు నుండి పద్మశ్రీ వరకు. శ్రీపాద వారు 1891లో అనపర్తి దగ్గర పొలమూరులో పుట్టారు, భీమన్న గారు 1911లో కోనసీమ మామిడికుదురులో. మధ్యలో గౌతమీ పాయ ఒకటి, ఇరవై ఏళ్లు, ఇంకా చెప్పనక్కర్లేని దూరం ఒకటి. శ్రీపాద వారిది వేదం చదువుకున్న ఇల్లు, ఆయన గురువుల ఇళ్లలో ఉండి సంస్కృతం చదువుకుని, ఇంట్లోవాళ్లకి ఇష్టం లేకపోయినా తెలుగు కవిత్వం వైపు, కథల వైపు వచ్చేశారు. ఆ భాష చదువుతుంటే మా అమ్మమ్మ వాళ్ల వసారాలో కూర్చున్నట్టు ఉంటుంది, ఒక్క వాక్యం కూడా పుస్తకాల భాషలో ఉండదు. పెళ్లిళ్లు, భోజనాలు, పండితుల పంతాలు, తండ్రీ కొడుకుల మధ్య మాట పట్టింపులు, దేన్నీ తొందరగా ముగించరు. మూడు భాగాల్లో ఏ భాగం దొరికినా తీసుకోండి, వరస కుదరలేదని ఆగొద్దు.

ఆ తర్వాత భీమన్న గారిది చదవండి. చదువు ఆయనకి ఇంట్లో ఉన్నది కాదు, ఊళ్లో ఉన్నా అందనిది. పాలేరు నాటకం రాసిన మనిషి ఆ పాలేరు బతుకుని ఎంత దగ్గరగా చూశాడో, అక్కడి నుంచి కాలేజీ దాకా రావడానికి ఎంత పెనుగులాడాల్సి వచ్చిందో ఆ పుస్తకం చెబుతుంది. 1973లో పద్మశ్రీ వచ్చింది, 2001లో పద్మభూషణ్ కూడా వచ్చింది. శ్రీపాద వారి పుస్తకంలో చదువు కోసం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళితే ఏదో ఒక ఇంట్లో అన్నం దొరుకుతుంది. అదే గోదావరి జిల్లాలో ఆ అన్నం దొరకని పిల్లలు ఉన్నారని రెండో పుస్తకం చదివాకే ఒంటికి తెలుస్తుంది. రెండో పుస్తకం చదివినందువల్ల మొదటి దాని మీద నా ఇష్టం ఏమీ తగ్గలేదు, నిజానికి శ్రీపాద వారి పుస్తకంలో అంతకుముందు గమనించని మనుషులు, గుమ్మం బయట నిలబడి ఉన్నవాళ్లు, నాకు కనబడటం మొదలైంది.

డీఎస్సీకి చదువుకునే ఒక అమ్మాయి ఈ రెండూ చదివి, "మేడమ్, మా తాతయ్య వాళ్లు చెప్పేవన్నీ ఇందులో ఉన్నాయండి" అంది. ఏ పుస్తకంలో అని నేను అడగలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు జాషువా గారి నా కథ తీసుకెళ్లింది, అది పద్యాల్లో ఉంటుంది. జాషువా గారు వినుకొండవారైనా కుర్రతనంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకి పక్కన నిలబడి కథ చెప్పే పని చేశారు, అందుకని ఆయన్నీ కొంత మనవాడనే అనుకుంటాం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఎప్పుడూ ఆత్మకథ చదవనివాళ్లకి మొదట ఇవ్వాల్సింది ముళ్లపూడి వెంకటరమణ గారి కోతికొమ్మచ్చి. 1931లో ధవళేశ్వరంలో పుట్టినాయన, తండ్రి పోయాక తల్లి పడిన కష్టం, మద్రాసులో లేమి, అంత బాధనీ నవ్విస్తూ చెబుతారు, కాలక్రమం ఏమీ ఉండదు కాబట్టి ఎక్కడ తెరిచినా చదువుకోవచ్చు. ఇంగ్లీషు చదవగలిగిన పిల్లలకి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి చింతామన్ అండ్ ఐ. రాజమండ్రిలో పుట్టి, ఎనిమిదేళ్లకే పెళ్లయి, 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో వలంటీరుగా ఉండి టికెట్ లేదని నెహ్రూ గారినే ఎగ్జిబిషన్ గేటు దగ్గర ఆపేసిన అమ్మాయి ఆవిడ. అలాగే కాకినాడలో పెరిగిన సుజాత గిడ్ల గారు 2017లో ఇంగ్లీషులో రాసిన యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్. అందులో ఆవిడ మేనమామ కె.జి. సత్యమూర్తి గారి కథా, తల్లి కథా ఉన్నాయి. సత్యమూర్తి గారూ సీతారామయ్య గారూ కలిసి 1980లో పీపుల్స్‌వార్ పార్టీ పెట్టినవాళ్లు. అంటే కోటేశ్వరమ్మ గారి పుస్తకానికి ఇది ఇంకో జంట, ఆ ఇద్దరు నాయకుల ఇళ్లలో ఆడవాళ్లు ఏం పడ్డారో రెండు పుస్తకాల్లో తెలుస్తుంది. ఆ రాజకీయాలతో మీకు పేచీ ఉన్నా సరే చదవొచ్చు.

చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారి కథలు గాథలు ఆత్మకథ కిందికి వస్తుందా రాదా అని మా దగ్గర పెద్ద వాదన నడిచింది. కడియంలో పుట్టిన ఆయన తన జ్ఞాపకాలు విడివిడి వ్యాసాలుగా రాశారు, పుట్టుక నుంచి వరసగా ఉండదు. చెల్లుతుందనే నిర్ణయించాం. తన కళ్లతో చూసింది తను చెబితే చాలు, పుట్టిన తేదీతో మొదలుపెట్టాలనేమీ లేదు. వేరేవాళ్లు రాసిన జీవిత చరిత్రని మాత్రం ఈ నెలకి ఒప్పుకోలేదు, దానికి ఇంకో నెల ఉంది.

పుస్తకం చేతిలోకి తీసుకున్నాక ఏం చూడాలని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఇది. ముందుమాటలు వదిలేసి మధ్యలో తెరిచి రెండు పేజీలు చదవండి. అందులో బియ్యం ధరో, జీతమో, ఎవరి ఇంట్లో దిగారో, ఎవరితో మాట పడ్డారో, ఇలాంటివి ఏవైనా కనబడితే ఆ పుస్తకం తీసుకోండి. సన్మానాలు, పదవులు, పెద్దవాళ్లతో ఫొటోలు తప్ప ఏమీ లేకపోతే పక్కన పెట్టొచ్చు. ఎవరి చేత రాయించారన్నది కూడా లోపలి పేజీలో చూడండి, అందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు, కలాం గారి పుస్తకం అరుణ్ తివారీ గారు కలిసి రాసిందే, చిలకమర్తి గారు చెబితే ఇంకొకరు రాసుకున్నదే. కానీ మాట ఎవరిది, కలం ఎవరిది అని తెలిసి చదవడం మంచిది. ఏ వయసులో రాశారో చూడండి. అరవై దాటాక రాసినవాళ్లు చిన్నతనం గురించి ఎక్కువ రాస్తారు, పదవిలో ఉండగా రాసినవాళ్లు శత్రువుల గురించి ఎక్కువ రాస్తారు, నేను చదివినంతలో ఇది చాలావరకు నిజం. అక్షరం సైజు చూడటం మాత్రం మర్చిపోవద్దు, మా మామ్మగారిలాంటివాళ్లు సగంలో ఆపేసేది కథ నచ్చక కాదు, అక్షరం కనబడక.

నెలకి రెండు పుస్తకాలంటే టైమ్ ఎక్కడిదని కొందరు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. రెండూ మొత్తం చదవాలని నేను అనడం లేదు. ఒకటి పూర్తిగా చదివి, రెండో దాంట్లో అదే కాలం ఉన్న భాగం చదివినా సరిపోతుంది. భార్యాభర్తలో, అత్తాకోడళ్లో, ఇద్దరు స్నేహితులో చెరొకటి తీసుకుని మార్చుకోవచ్చు, మా దగ్గర ఇద్దరు అలాగే చేశారు, వాళ్లు పుస్తకాల గురించి మాట్లాడుకుంటుంటే మిగతావాళ్లు పేపర్లు పక్కన పెట్టి విన్నారు.

ఇక అసలు ఇబ్బంది. ఈ పుస్తకాలు లైబ్రరీలో ఉండాలి కదా. కొన్ని ఉన్నాయి, కొన్ని పేరుకే ఉన్నాయి. రిజిస్టర్లో ఉన్న పుస్తకం బీరువాలో ఉండదు, బీరువాలో ఉన్నది ముట్టుకుంటే పొడి రాలుతుంది. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ, వరద రోజుల్లో గోడలు చెమ్మగిల్లి బీరువా కింది అరలు ముందు పాడవుతాయి, చెద కూడా అక్కడి నుంచే ఎక్కుతుంది. లావు పుస్తకాలని, బరువని పాత ఆత్మకథలన్నీ ఆ కింది అరల్లోనే పెడతారు. వాటిని పైకి మార్చడానికి ఏ నిధులూ అక్కర్లేదు, లైబ్రేరియన్ గారిని అడిగి మేం ఒక మధ్యాహ్నం చేసేశాం. వితంతు వివాహాలు, నాటకాలు, స్వాతంత్ర్యోద్యమం అంటూ చీటీలు అంటించి జంటలు పక్కపక్కన పెట్టాం. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటి పెద్ద చోట పాత ముద్రణలు దొరుకుతాయి కానీ, రాజోలు నుంచో అంతర్వేది వైపు నుంచో ఒక పుస్తకం కోసం రాజమండ్రి వెళ్లి రమ్మంటే ఎవరికి కుదురుతుంది?

దీనికి దారి ఉంది. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లకి కాపీరైటు గడువు ముగుస్తుంది. వీరేశలింగం గారు 1919లో, చిలకమర్తి గారు 1946లో, ప్రకాశం గారు 1957లో, శ్రీపాద వారు 1961లో పోయారు. అంటే శ్రీపాద వారు బతికుండగా అచ్చైన భాగాలు కూడా 2022 నుంచి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. గోదావరి జిల్లాల గ్రంథాలయ సంస్థలు కలిసి ఈ నాలుగూ (ప్రకాశం గారిదైతే ఆయన రాసిన మూడు భాగాలు) పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి ప్రతి శాఖకీ పంపితే ఒక్కసారి ఖర్చుతో ముప్పై ఏళ్లు చదువుకుంటాం. డబ్బు ఎక్కడిదంటారా, మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది. పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసినది గ్రంథాలయాలకి పూర్తిగా, సమయానికి చేరాలని మీ పత్రిక గట్టిగా రాయాలి. ఇది దానం అడగడం కాదు, కట్టిన పన్ను.

ఇంకొక్క సంగతి. ఈ అరలన్నీ దులిపాక నాకు బాధ కలిగింది, ఎంతమందివి లేవో చూసి. రచయితలవి ఉన్నాయి, నాయకులవి ఉన్నాయి. కొబ్బరి దింపు తీసే మనిషి కథ లేదు. నరసాపురం చుట్టుపక్కల ఇళ్లలో కూర్చుని లేసు అల్లిన ఆడవాళ్ల కథ లేదు. రేవుల్లో పంటు నడిపినవాళ్లది లేదు. కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి గల్ఫ్ ఇళ్లలో పనికి వెళ్లి పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలిన తల్లులు ఇన్ని వేలమంది ఉంటే వాళ్లలో ఒక్కరి పుస్తకం కూడా మా బీరువాలో లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు తడిగుడ్డల్లో పిల్లల్ని పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నవాళ్లు ఇప్పుడు అరవైల్లో, డెబ్భైల్లో ఉన్నారు, వాళ్లు చెబితే రాసుకునేవాళ్లు కావాలి. చిలకమర్తి గారు చెప్పి రాయించలేదా? రాయడం రాకపోతే కథ ఉండదనేమీ లేదు.

అందుకని మీకు నా విన్నపాలు. ఈసారి వారోత్సవాలకి వేసే జాబితాలో ఆత్మకథలని విడివిడిగా కాకుండా జంటలుగా వేయండి, ప్రతి జిల్లాకీ ఆ జిల్లావాళ్లవి ముందు వేయండి, రాయలసీమలో, ఉత్తరాంధ్రలో ఉన్న పాఠకులు వాళ్ల జంటలు వాళ్లు పంపితే అవీ వేయండి. మీ జిల్లా ఎడిషన్లో వారానికి ఒక్క పావు పేజీ చాలు, మామూలు మనుషులు చెప్పిన జ్ఞాపకాలు వాళ్ల మాటల్లోనే వేయండి, మా ఛాలెంజ్‌లో ఉన్న పిల్లలు ఊళ్లలో తిరిగి రాసి పంపడానికి సిద్ధంగా ఉన్నారు. మా శాఖలో నిర్జన వారధి ఒక్కటే కాపీ ఉంది, దాని కోసం పేర్లు రాసుకుని చాలామంది ఎదురుచూస్తున్నారు. చదివేసి ఇంట్లో ఉంచుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే మీ ఊరి లైబ్రరీకి ఇవ్వండి. శుక్రవారం తప్ప రోజూ పొద్దున్నా సాయంత్రమూ తెరిచే ఉంటుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా